కిచెన్ ఉన్న ఫ్లాట్ నాకొద్దు

మా ఫిల్మ్‌నగర్ ఇంట్లో వేసవి ప్రయాణం ఖాయమైంది. విశాఖ దాకా ఆరువందల కిలోమీటర్ల పైనే, కార్లో. అక్కణ్ణించి భీమిలికి బీచ్ రోడ్డు: రుషికొండ, తొట్లకొండ బౌద్ధారామం, ఎర్రమట్టి దిబ్బలు, చివర్న గోస్తని సముద్రంలో కలిసే చోటు. చిన్నప్పుడు టీవీలో ‘మరోచరిత్ర’ చూసినప్పటి నుంచీ ఆ తీరం మీద నాకు మనసు.

నిన్న రాత్రి మావారు ఫోన్ చూపించి, “హోటలెందుకు? కిచెన్ ఉన్న ఫ్లాట్ దొరికింది. నువ్వు వండేస్తే ఖర్చు కలిసొస్తుంది” అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

కలిసొచ్చేది ఎవరికండీ? మే నెలలో అక్కడ పొద్దెక్కితే ఎండ, ఉక్కపోత. దిబ్బలు చూడాలంటే తెల్లారేసరికి బయల్దేరాలి. ఆ వేళకి నేను ఇడ్లీ పాత్ర ముందుంటే, సూర్యోదయం చూసేదెవరు?

బయటి తిండి పిల్లలకి పడదంటారు. విశాఖలో ఇడ్లీ దొరకదా? ఖర్చంటారు. అయితే నాలుగు రోజులు కాదు, మూడు రోజులే ఉందాం. ఆ మూడూ నాకూ సెలవు కావాలి.

తప్పు మనదీ ఉంది. ఎవరూ అడక్కముందే కుక్కరూ, కందిపొడీ, ఆవకాయ సీసా డిక్కీలో సర్దేది మనమే. తర్వాత “నాకెక్కడ తీరింది?” అని వాపోయేదీ మనమే.

ఈసారి కుక్కరు ఇంట్లోనే ఉంటుంది. ఆ ఫ్లాట్ మాట మానేదాకా నేను బ్యాగు సర్దను. మరి మీ ఇంట్లో సంగతేంటి?