కందిగింజ చాటు చంద్రుడు

మిరప కళ్లానికి రాత్రి కాపలా పడుకునేవాళ్లకు ఆకాశం కొత్త కాదు. పున్నమినాడు చెయ్యి బారుగా చాపి, రెండు వేళ్ల మధ్య కందిగింజ పట్టుకుని, ఒక కన్ను మూసి చూడండి. చంద్రుడు ఆ గింజ చాటుకు పోతాడు. సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు గానీ ఆయనకూ అంత గింజే సరిపోతుంది. సంపూర్ణ సూర్యగ్రహణం పట్టేది అందుకే.

ఐదో శతాబ్దంలో బుద్ధఘోషుడు అనూరాధపురంలో రాసిన ‘విసుద్ధిమగ్గ’లో చంద్రబింబం 49 యోజనాలు, సూర్యబింబం 50 యోజనాలు అని ఉంది. ఆ గ్రంథం చివర ఆయన ఊరి పేరు మోరండఖేటకం. పాళీలో మోర అంటే నెమలి, అండమంటే గుడ్డు. కనుక అది మన సత్తెనపల్లి వైపు ఉన్న కోటనెమలిపురి, గుండ్లపల్లి అయి ఉంటుందని కొందరు పండితులు ఊహించారు. పేర్లు కలిశాయని ఊరు తేల్చేయడం నాకు ఒప్పుదల కాదు. ఆయన మనవాడే అనుకున్నా, ఆ లెక్క మాత్రం కళ్లంలో కంటికి ఆనిన లెక్కే. సూర్యుడి వ్యాసం దాదాపు 13.9 లక్షల కిలోమీటర్లు, చంద్రుడిది 3,474. సూర్యుడు సుమారు 400 రెట్లు పెద్దవాడు, సుమారు అన్ని రెట్లు దూరంలో ఉన్నాడు కాబట్టి ఇద్దరూ ఒకే మాదిరిగా కనిపిస్తున్నారు.

బుద్ధఘోషుణ్ణి తప్పుపట్టను. టెలిస్కోపు లేని కాలం అది. నా బాధ ఇప్పటివాళ్లతో. బిగ్‌బ్యాంగ్ బౌద్ధంలో ముందే ఉందంటూ సంవర్త, వివర్త కల్పాలు చూపిస్తారు. లోకం ముడుచుకుంటుంది, విచ్చుకుంటుంది, మళ్లీ ముడుచుకుంటుంది. హేతువాది రావిపూడి వెంకటాద్రి నాగండ్ల నుంచి బయల్దేరి జీవితమంతా ఋజువు అడిగిన నేల ఇది. పురాణాల్లో విమానాలున్నాయంటే ఒప్పుకోని మనవాళ్లే ఈ మాట దగ్గర మెత్తబడతారు. బుద్ధుడి మీద ప్రేమ. నాకూ ఉంది. ఉన్నందుకే ఋజువు అడుగుతున్నాను.

1929లో హబుల్ గెలాక్సీల వెలుగును కొలిచి, ఎంత దూరమైతే అంత వేగంగా జరిగిపోతున్నాయని చూపాడు. 1964లో పెంజియాస్, విల్సన్‌ల యాంటెన్నాకు నలుమూలల నుంచీ ఒకేలా వచ్చే రొద చిక్కింది. తొలినాటి వేడి మిగిల్చిన జాడ అది. 1998లో సూపర్‌నోవాలు చూసినవాళ్లు విస్తరణ వేగం ఇంకా పుంజుకుంటోందని తేల్చారు. అంటే ముడుచుకునే సూచన ఇప్పటికి లేదు. పోలికలు చెప్పేవాళ్లు ఈ 1998 ఊసెత్తరు. పైగా అభిధర్మంలో లోకాలు పుట్టేది జీవుల కర్మ వల్ల. లోకం నడుమ మేరువనే కొండ, దానికి దక్షిణాన మనముండే జంబూద్వీపం. మేరువును దాచి కల్పాన్ని ముందుకు పెట్టడం, మిరప టిక్కీలో తాలుకాయ అడుక్కు తోసి పైన మేలుకాయ పరచడమే. గుంటూరు యార్డులో అయితే కొనేవాడు చెయ్యి లోపలిదాకా పెట్టి చూస్తాడు.

కాలాన్ని కోట్ల ఏళ్లలో ఊహించిన ఆ ధైర్యం గొప్పదే. యోజనం ఎత్తు కొండను నూరేళ్లకోసారి కాశీ బట్టతో తుడుస్తూ పోతే కొండ అరిగిపోయినా కల్పం తీరదన్న ఉపమానం చదివినప్పుడల్లా ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఊహకు దండం పెడతాను, దాన్ని కొలత అనను.

2006 జనవరిలో అమరావతిలో కాలచక్ర దీక్ష జరిగింది. బుద్ధుడే అక్కడి ధాన్యకటకంలో ఆ బోధ చేశాడని సంప్రదాయం. కాలచక్ర గ్రంథమేమో సుమారు 11వ శతాబ్దం నాటిది. ఆ దీక్ష జరిపించిన దలైలామా అంతకు ముందు ఏడే ఒక పుస్తకంలో, సైన్సు తప్పని తేల్చినదాన్ని బౌద్ధం వదులుకోవాలని రాశారు. మేరువును ఆయన వదిలేశారు. ఆయన వదిలినదాన్ని మనం దాచిపెట్టడం దేనికి?

లోకానికి అంతముందా, లేదా అని మాలుంక్యపుత్తుడనే భిక్షువు బుద్ధుణ్ణి పట్టుబట్టి అడిగాడు. బాణం దిగినవాడు వైద్యుణ్ణి ఆపి, కొట్టినవాడిది ఏ కులం, ఏ ఊరు అని ఆరా తీస్తాడా అన్నాడు బుద్ధుడు. ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు. చంద్రసూర్యుల యోజనాల లెక్క ఆ ఖాళీలో తర్వాతివాళ్లు పోసింది.