పసుపే కదా!

అల్ట్రాసౌండ్ రిపోర్టులో ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అని కనపడగానే మన ఇళ్లలో రెండు పనులు జరుగుతాయి. డాక్టరు బరువు తగ్గమంటే తలూపుతాం, వాట్సాప్‌లో వచ్చిన పసుపు గుళికలకు ఆర్డరు పెడతాం. కామెర్లకు నేల ఉసిరి పసరు తాగిన వంశం మనది మరి!

ఆ నమ్మకం పూర్తిగా వట్టిదనను. షుగరుకు కోట్లమంది మింగే మెట్‌ఫార్మిన్‌కు దారి చూపింది ఐరోపాలో పెరిగే గలీగా మొక్కే. పసుపులోని కర్‌క్యుమిన్, మానుపసుపులోని బెర్బెరిన్ కాలేయంలో కొవ్వును కొంత తగ్గించినట్టు చిన్న ట్రయల్స్‌లో కనిపించింది కూడా. అయితే ఆ ట్రయల్స్‌లో చాలావాటికి రోగులు పదుల్లో, గడువు నెలల్లో. రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ అంకె దిగడం వేరు, కాలేయం మీద పడ్డ మచ్చలు తగ్గడం వేరు. 2024 మార్చిలో అమెరికా అనుమతి పొందిన రెస్మెటిరామ్ అనే ఫ్యాటీ లివర్ మందును 966 మందిపై, ఏడాదిపాటు, సూదితో కాలేయపు ముక్క తీసి మరీ పరీక్షించారు. ఏ పసుపు గుళికనూ అంతమందిపై అలా పరీక్షించలేదు.

కర్‌క్యుమిన్‌తో ఇంకో చిక్కుంది. తిన్నది రక్తంలోకి చేరడమే బహు తక్కువ. మిరియాల్లోని పైపరిన్ కలిపితే మనుషుల్లో అది 2000 శాతం పెరిగిందని 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు చూపారు. ఆ అంకె నేటికీ సీసాల మీద మెరుస్తోంది. 2022లో అమెరికా వైద్యులు రాసింది మాత్రం ఏ సీసా మీదా ఉండదు: పసుపు ఉత్పత్తులతో కాలేయం దెబ్బతిన్న పదిమందిలో ఒకరు చనిపోయారు. ఏడుగురిలో ఒకే రకం జన్యువు కనిపించింది. అది తమలో ఉందో లేదో కొనేవాళ్లకు తెలియదు. పప్పులో చిటికెడు పసుపు గురించి కాదు నా గొడవ. వంటింటి పేరు చెప్పి అమ్మే మోతాదు గురించి.

మందుగా అమ్మాలంటే ట్రయల్ చూపాలి. ఆహార పూరకంగా అమ్మితే ఆ బాధ లేదు. ఈ సందు మూయాలి. సర్కారు సొమ్ముతో నేల ఉసిరికీ, కటుకరోహిణి మూలికకూ బయాప్సీల దాకా వెళ్లే ట్రయల్ పెట్టాలి. రోగులకు కొదవా? హైదరాబాద్ ఐటీ ఉద్యోగులపై 2025లో వెలువడిన అధ్యయనంలో 84 శాతం మందికి ఫ్యాటీ లివర్ తేలింది.

ఈలోగా, ‘ఏమైనా మందులు వాడుతున్నారా?’ అని డాక్టరు అడిగితే ఆ గుళిక పేరు కూడా చెప్పండి. చాలామంది చెప్పరు, అది మందని వాళ్లకు తోచదు గనుక.