ఒక రైతుతండ్రి

పాతపట్నమునకు చేరువగ్రామమున, మహేంద్రతనయ యొడ్డున, మొన్న నొక వృద్ధకర్షకుడు కాలధర్మము నొందెను. ఎకరము పల్లముతోను మూడెకరముల మెట్టతోను తొమ్మిదిమంది బిడ్డలను పెంచినవాడు. వాన కురిసినయేట వరి, కురియనియేట చోళ్లు. చాలని దినమున కడపట భుజించువారు తానును ఇల్లాలును. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాకు పోయి నడుమ సరిహద్దు లేచినను, అతని కావడికి సంత యదియే.

నాకడకు ఒక్కసారియే వచ్చెను, భాగపత్రము వ్రాయించుటకు. పిత్రార్జితమున కూతుండ్రకును సమభాగ మని 2005 నాటి చట్టము శాసించినది. అయినను మాకడకు వచ్చు సోదరులు పెక్కురు కోరునది ఆడపడుచుల హక్కువిడుదల దస్తావేజే! ఇతడు నలుగురు కూతుండ్ర పేళ్లే ముందు చెప్పెను. పెద్దకొడుకు గొణుగగా, "ఉభాలనాడు మళ్లలో దిగినది ఎవర్రా?" అని మాత్ర మడిగెను. ఈ వాదమును నేను చదివిన ఏ ధర్మశాస్త్రగ్రంథమునను చూచియుండలేదు.

నాలుగెకరములు తొమ్మిది తునుకలైన సేద్య మెట్లు సాగు నని నేను శంకించితిని. "కలిసి దున్నుకుంటారు, బాబూ" అనెను. నేడు ఐదుగురు కలిసియే దున్నుచున్నారు. తక్కిన నలుగురు చెన్నపట్నమున కట్టడపు కూలికి పోయిరి. వారి భాగముల ధాన్యము ఇంటిగాదెలో వేరుగా నున్నది.