కుప్పకు కప్పం!

బియ్యం ధర పెరిగింది, గ్యాసు ధర పెరిగింది. గొణుక్కుంటూనే అలవాటుపడ్డాం. పోనీ, అవి ఇంట్లోకి వచ్చేవి. ఇంట్లోంచి బయటికి పోయేదానికి కూడా ధర పెంచుతామంటే ఏమనాలి? చెత్త రుసుము పెంచాలన్న ఆలోచన ఏ ఊళ్ళో వచ్చినా చూపు ముందు మన గుమ్మం మీదే పడుతుంది. ఆ చూపే తప్పంటాను నేను.

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల్లో పెంటకుప్ప అంటే చీదరింపు కాదు, ఆస్తి. పేడ, బూడిద, కూరగాయల తొక్కలు అన్నీ ఒకచోట మాగి ఎరువయ్యేవి. తొలకరికి ముందు బండ్లకెత్తి చేలకు తోలేవారు. ఆ తొక్కలే ఇవాళ పట్నంలో ప్లాస్టిక్ సంచిలో, సీసా పెంకులతో, పాత బ్యాటరీలతో కలిసి చెత్తబండి ఎక్కుతున్నాయి. విడదీస్తే ఎరువు, కలిపితే రోత. అంతే తేడా!

అయితే రుసుమే వద్దా? అలా అననమ్మా. పొద్దున్నే మన వాకిట్లో నిలబడే పారిశుద్ధ్య కార్మికురాలికి జీతం అందాలి, చేతులకు తొడుగులుండాలి, బండికి డీజిలు పోయాలి. ఇవన్నీ ఊరికే రావు. నా పేచీ అందరికీ ఒకే లెక్క కట్టడం మీద. తొక్కలన్నీ కరివేపాకు చెట్టు మొదట్లో వేసుకునే ముసలి దంపతులకూ, వారం వారం విందులు చేసే మేడకూ ఒకే రేటైతే, వేరుచేసే శ్రమ ఎవరు పడతారు చెప్పండి?

పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో ఏం జరిగిందో చూశాం. 2021లో పట్టణాల్లో ఇంటికి నెలకు 120 రూపాయల దాకా చెత్త రుసుము మొదలుపెట్టారు. జనం దానికి ‘చెత్త పన్ను’ అని పేరుపెట్టి మండిపడ్డారు. చివరికి 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు దాని రద్దును ప్రకటించారు. కట్టమన్నప్పుడు ఎందుకు కట్టాలో నచ్చచెప్పకపోతే గతి ఇంతే.

ఇక చెత్త యార్డు గేటు దగ్గర రేటు పెంచడం మరీ విడ్డూరం. రుసుము పెరిగినంత మాత్రాన చెత్త తరుగుతుందా? దారి మార్చుకుంటుంది! పెళ్ళి విస్తళ్ళు నింపుకున్న ట్రాక్టరు గేటు దాకా ఎందుకు వెళ్తుంది? చీకటి పడ్డాక ఏ కాలువ గట్టునో, ఏ ఖాళీ ప్లాటులోనో దులిపేసుకుంటుంది. తెల్లారి ఎవరో అగ్గిపుల్ల గీస్తారు. ఆ పొగ మన పిల్లల ముక్కుల్లోకే. కరీంనగర్‌లో మానేరు ఒడ్డున ఏళ్ళ తరబడి గుట్టగా పెరిగిన చెత్తనూ, దాని పొగనూ ఆ చుట్టుపక్కల ఇల్లాళ్ళకు వేరే చెప్పాలా? ఆ పాత గుట్టను తవ్వి, జల్లించి, వేరుచేసే బయోమైనింగ్‌కు కోట్లు కావలసివచ్చాయి. పొద్దున్నే గుమ్మంలో రెండు బుట్టలు వేరుగా పెట్టించడానికి అందులో ఎన్నో వంతు అవుతుంది?

2016 నాటి కేంద్ర నిబంధనల్లో ఇంటివాళ్ళు రుసుము కట్టాలని ఉండేది. నిజమే. కానీ రోజుకు 100 కిలోలు దాటి చెత్త చేసేవాళ్ళకు ప్రత్యేక బాధ్యతలున్నాయనీ, శానిటరీ ప్యాడ్లు తయారుచేసే కంపెనీలే వాటిని చుట్టి పారేసే సంచులు ఇవ్వాలనీ కూడా అందులోనే రాశారు. మన వాక్యం మాత్రం అందరికీ కంఠతా వచ్చింది, కంపెనీల వాక్యం దగ్గర పేజీ తిరిగిపోయింది!

కనుక రుసుము పెంచదలచుకుంటే ముందు ఫంక్షన్ హాళ్ళతో, హోటళ్ళతో మొదలుపెట్టండి. హాలు బుక్ చేసుకునే రోజే చెత్త సొమ్ము కూడా కట్టించుకోండి. ముందే కట్టినవాడికి కాలువలో పారబోస్తే మిగిలేదేమీ ఉండదు. తడి, పొడి వేరుచేసి ఇచ్చే ఇంటికి రుసుము తగ్గించండి. వసూలైన ప్రతి రూపాయీ ఎక్కడికి పోయిందో వార్డు ఆఫీసు గోడ మీద రాయించండి.

ఇల్లలకగానే పండగ కాదు, రేటు పెంచగానే ఊరు శుభ్రం కాదు. ఈసారి రసీదు పుస్తకంతో మనిషి వస్తే విసుక్కోకండి, పాపం ఆయన జీతగాడు. డబ్బు ఇచ్చి, రసీదు తీసుకుని, ఆ రసీదు పట్టుకుని నలుగురూ కలిసి మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళండి. కట్టినవాళ్ళకు లెక్క అడిగే హక్కుంది. ఇంటి జమాఖర్చు పైసాతో సహా రాసే మనకు లెక్క అడగడం ఒకరు నేర్పాలా!