మూల కడీ దగ్గర పీనాసితనం

దొడ్డి చుట్టూ కంచె వేయిద్దామనుకున్న మనిషి మొదట అడిగేది తీగ ధర. కిలో ఎంత, ఏ గేజు, జింకు పూత ఉందా, ఎన్ని వరసలు పడుతుంది అని గంటసేపు బేరమాడతాడు. కడీల సంగతి వచ్చేసరికి "ఏవో ఒకటి, చవగ్గా ఉన్నవి దింపించు" అంటాడు. మన ఊళ్లలో పశువుల కంచెలు రెండు మూడు వానాకాలాలకే నేలకు ఒరుగుతున్నాయంటే ఆ ఒక్క మాటే కారణం. తప్పు తీగది కాదు. గేదెది అసలే కాదు.

లెక్క చూడండి. నలుచదరంగా ఉన్న ఎకరానికి చుట్టుకొలత సుమారు 835 అడుగులు. 8 అడుగులకు ఒకటి చొప్పున పాతితే 104 కడీలు కావాలి. తీగ లాగుడంతా మోసేవి మాత్రం నాలుగు మూల కడీలు, వాటికి అటూ ఇటూ ఏటవాలుగా ఆనించే ఎనిమిది సపోర్టులు, గేటుకు రెండు. తక్కినవన్నీ తీగ జారకుండా ఎత్తులో నిలబెట్టేవే. అంటే కంచె ప్రాణం పద్నాలుగింటిలో ఉంది. ఆ పద్నాలుగూ మేలైనవి తెచ్చుకోవడానికి డబ్బు లేదంటే నేను ఒప్పుకోను. ఐదు వరసల తీగ కొన్నవాడికి ఆ స్తోమత ఉంది. లేనిది పట్టింపు.

మూల కడీని రెండు వైపుల నుంచి తీగ లాగుతూనే ఉంటుంది, పగలూ రాత్రీ, ఏళ్ల తరబడి. నడుమ ఉన్న 7 అడుగుల కడీకి 2 అడుగుల లోతు చాలు. మూలకు 8 అడుగులది తెచ్చి, 3 అడుగుల గుంత తీసి, కంకర కాంక్రీటు పోయాలి. నల్లరేగడిలో ఇంకాస్త లోతు కావాలి. ఆ నేల వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చి, ఏటా కడీని కదిలిస్తుంది. మరి మన దగ్గర జరుగుతున్నదేమిటి? మూలకూ నడిమికీ ఒకటే కడీ, ఒకటే గుంత. పొద్దున కాంక్రీటు పోసి సాయంత్రానికి తీగ బిగించేస్తారు. పచ్చి కాంక్రీటులో కడీ అప్పుడే అంగుళం లోపలికి వంగుతుంది. కూలీలు వెళ్లిపోతారు, తీగ వదులవుతుంది, మేకపిల్ల దూరిపోతుంది. తర్వాత పక్క చేను మిర్చి మేసిందని పంచాయితీ. ఇదంతా తొందరపడిన ఆ ఒక్క సాయంత్రం చేసిన పని.

సిమెంటు కడీల వ్యాపారం మీద నాకు మరీ కోపం. రోడ్డు పక్కన అచ్చులు పెట్టి, దుమ్ము కలిసిన ఇసుకతో పోసి, మూడోనాడు ట్రాక్టర్ ఎక్కించేవాళ్లు ఉన్నారు. మన ఎండల్లో కాంక్రీటుకు కనీసం 10 రోజులు నీళ్లు పట్టాలి, 28 రోజులకు గానీ పూర్తి బలం రాదు. ఇందులో రహస్యమేమీ లేదు, ఇల్లు కట్టే మేస్త్రీకి తెలుసు, అచ్చు పోసేవాడికీ తెలుసు. తెలిసి అమ్ముతున్నాడు. సిమెంటు కడీలకు భారతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం పోశావా అని అడిగే కొనుగోలుదారుడే లేడు, కాబట్టి చెప్పేవాడూ లేడు.

పోనీ కొనేముందు చేతితో చూడటానికేం? కడీ అంచును తాళంచెవితో గీకండి. ఇసుక పొడిపొడిగా రాలితే దాన్ని అక్కడే వదిలేయండి. ఇద్దరు చెరో చివరా పట్టి ఎత్తితే నడుమ వెంట్రుకవాసి పగుళ్లు కనిపించాయా, అదీ వద్దు. కొసన చువ్వలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయేమో చూడండి. చువ్వకు తడి తగిలితే తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బుతుంది, ఉబ్బిన తుప్పు కాంక్రీటును లోపలి నుంచి చీలుస్తుంది. పైకి నున్నగా ఉన్న కడీ నిలువునా పగలడానికి కారణం అదే. నిలువ చేసిన చోట మీద పడి తొందరపెట్టే దుకాణందారుడికి జంకకుండా వంద కడీలూ తిప్పి చూడండి. డబ్బు మీది.

కర్ర చవక అనేవాళ్లకు ఒక మాట. మూడు నాలుగేళ్ల జామాయిల్ గుంజలో చేవ ఎంత ఉంటుంది? దాదాపు అంతా పైచెక్కే. చెదలకు కావలసింది అదే. సుబాబుల్ కూడా అంతే. కర్ర కుళ్లేది భూమి లోతున కాదు, పైన గాలిలోనూ కాదు, నేల మట్టానికి అటూ ఇటూ జానెడు మేర. తడీ గాలీ రెండూ దొరికేది అక్కడే. పైన నిక్షేపంగా కనబడుతున్న గుంజ దగ్గర మట్టి తవ్వి చూస్తే అడుగు బొటనవేలంత మిగిలి ఉంటుంది. మొదలు కాల్చి పాతితే చెదలు పట్టవని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. కాల్చిన పొర పగిలి తడి లోపలికి దిగుతుంది, దాన్ని నమ్ముకుని మూల గుంజ పాతకండి. చండ్ర, నారేపి చేవ చెదలకు లొంగదు, నిజమే. అవి అడవి చెట్లు. వాటిని నరికి దొడ్డి కట్టే రోజులు పోయాయి, పోవాలి కూడా. బతికున్న వేపచెట్టుకు మేకులు కొట్టి తీగ బిగించడమైతే చెట్టుకూ తీగకూ చేటే.

రాతి కడీ మన నేల ఇచ్చిన వరం. తెలంగాణలో, రాయలసీమలో గ్రానైటుకు కొదవ లేదు, ఉలి పెట్టి నిలువునా చీల్చగల వడ్డెర పనివాళ్లకూ కొదవ లేదు. అమెరికాలోని కాన్సాస్ మైదానాల్లో కర్ర దొరకక 19వ శతాబ్దం చివర రైతులు సున్నపురాయిని చీల్చి కడీలు చేసుకున్నారు. వాటిలో చాలా ఇవాళ్టికీ పొలాల గట్ల మీద నిలబడే ఉన్నాయి. మన గ్రానైటు దానికన్నా గట్టిది. చెద లేదు, తుప్పు లేదు, కుళ్లు లేదు. రాయికి ఉన్న లోపం ఒక్కటే, అది వంగదు, విరుగుతుంది. కాబట్టి సన్నగా చీల్చినవి, అడ్డంగా చార కనిపించేవి తీసుకోకూడదు. సుత్తితో తట్టితే మంచి రాయి ఖంగుమంటుంది, లోపల పగులున్నది మొద్దుగా పలుకుతుంది. సిమెంటు కడీ నున్నగా ఉందని, రంగేస్తే ముచ్చటగా ఉంటుందని దీన్ని కాదనుకుంటున్నాం. దొడ్డికి ముచ్చటెందుకు?

ఏ పశువుకు కంచె అన్నది కూడా ఎవరూ అడగరు. బురదలో పొర్లి వచ్చిన గేదె నాలుగైదు క్వింటాళ్ల బరువుతో మెడ రుద్దుకోవడానికి ఎంచుకునేది గేటు పక్క కడీనే. అక్కడ సన్నటిది పెడితే వారం ఆగదు. మేక సంగతి వేరు. ఏటవాలు సపోర్టు మీద ముందుకాళ్లు మోపి పైకి పాకి అవతలికి దూకేస్తుంది. అందుకే మేకల దొడ్డికి జాలీ లోపలివైపు బిగించాలి, కడీలూ సపోర్టులూ బయట ఉండాలి. అలా కడితే మంద తోసినకొద్దీ జాలీ కడీలకే ఆనుతుంది, కట్టుతీగలు తెగవు. దీనికి పైసా అదనపు ఖర్చు లేదు. అయినా ఎన్ని దొడ్లలో చూసినా జాలీ బయటికే ఉంటుంది, రోడ్డు మీదికి అందంగా కనబడాలని.

కడీల ఖర్చు తప్పించుకోవడానికి నాలుగు ఎండు కర్రలు పాతి, తీగ చుట్టి, మోటారు స్టార్టరు నుంచి నేరుగా కరెంటు ఇచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. అది కంచె కాదు, హత్య. చీకట్లో నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్క రైతు చనిపోతాడు, ఒక్కోసారి ఆ తీగ కట్టినవాడే చనిపోతాడు. సోలార్ కంచె యంత్రం సెకనుకో క్షణికమైన దెబ్బ ఇచ్చి ఆగుతుంది, స్టార్టరు నుంచి నేరుగా ఇచ్చిన కరెంటు ఆగదు. తేడా తెలియదనడానికి ఇన్ని చావుల తర్వాత ఎవరికీ హక్కు లేదు.

2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. రెండు రాష్ట్రాల్లో కలిపి మూడున్నర కోట్లకు పైగా గొర్రెలు. ఇన్ని మందలున్న చోట కంచె ఒరిగితే అవి పక్క చేలో పడక మానవు. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ప్రకారం చేలో పడ్డ పశువును పట్టి బందెలదొడ్డికి తోలే అధికారం రైతుకు ఉంది, జరిమానా కట్టి విడిపించుకోవాల్సింది పశువు యజమాని. కడీ ఒరిగితే నష్టపోయేది గొల్లకురుమ, పాడిరైతు. అచ్చు పోసినవాడికి, కంచె కట్టిన గుత్తేదారుకు ఏమీ కాదు.

పశువైద్యశాలల్లో, రైతు వేదికల్లో పనిచేసే అధికారులను ఒకటి అడుగుతున్నాను. దాణా గురించి, టీకాల గురించి చెప్పే సభల్లో కడీల గురించి పది నిమిషాలు చెప్పండి. ప్రభుత్వ డబ్బుతో ఎక్కడ కంచె కట్టినా ప్రతి సిమెంటు కడీ మీద పోసిన తేదీ అచ్చు వేయించండి, బిల్లు రాసేముందు మూల గుంత లోతు కొలవండి. ఇక కొనేవాళ్లు: పోసి 28 రోజులు నిండని కడీని బండి ఎక్కించుకోకండి. తేదీ చెప్పలేనివాడి దగ్గర ఒక్క కడీ కూడా కొనకండి.