ట్రక్కు టైర్లును వాని గాలియు

ట్రాక్టరు కొనునపుడు పదిమంది నడిగి తెలిసికొను రైతు, దాని వెనుక కట్టు ట్రక్కునకు టైర్లు కొనునపుడు వెల యొక్కటియే విచారించుచున్నాడు. గాలి విషయమున ఆ విచారణయు లేదు. కాలితో నొక తన్ను తన్ని, గట్టిగా నున్నచో చాలునని బండి కదలించును. ఇది పొదుపు గాదనియు, అపాయమును కొని తెచ్చుకొనుట యనియు మా యభిప్రాయము.

బరువు మోయునది రబ్బరని పలువురు తలంతురు. నిజమునకు ముఖ్యముగా మోయునది లోపలి గాలియే. బెల్‌ఫాస్టు నగరమందలి డన్‌లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల బండికై గాలిటైరును కల్పించి 1888లో పేటెంటు పొందెను. నాటికిని నేటికిని సూత్ర మొక్కటియే. గాలి తగ్గినచో టైరు ప్రక్కలు ప్రతి చుట్టునందును మిక్కిలి వంగి వేడెక్కును. ఆ వేడికి పొరలు విడి టైరు పగులును. గాలి మించినచో నడిమిభాగము త్వరగా అరుగును. గతుకులలో ట్రక్కు ఎగిరిపడును.

టైరు నెంచుట లెక్కతో కూడిన పని. ట్రక్కు బరువు 1,000 కిలోలు, 75 కిలోల ధాన్యపు బస్తాలు 40 వేసినచో 3,000, మొత్తము 4,000. రెండు చక్రముల ట్రక్కులో కొంత భారము ట్రాక్టరుపై పడినను, ఒక్కొక్క టైరు 2,000 కిలోలు మోయునట్టిదిగా నుండుట క్షేమము. పలు టైర్ల ప్రక్కన ముద్రించు భారసంఖ్య దీనిని తెలుపును: 100 అనగా 800 కిలోలు, 132 అనగా 2,000. కారునుండి తీసిన పాత టైరు చవుకగా దొరకినను ఈ లెక్కకు నిలువదు.

ప్రయాణమునకు ముందు, టైరు చల్లగా నున్నపుడే, గాలిని గేజితో కొలువవలయును. నడచిన పిదప వేడికి ఒత్తిడి పెరుగుట సహజము. అది చూచి గాలి తీయరాదు. ఎంత బరువునకు ఎన్ని పాయింట్ల గాలి వలయునో టైరు చేసినవారి పట్టిక చెప్పును గాని తన్నిన కాలు చెప్పదు.

ఇరువదియేండ్ల చేతి యంచనా యుండగా గేజి యెందులకని పెద్దలు కొంద రనవచ్చును. వారి యనుభవమును మేము గౌరవింతుము. కాని బిడ్డ నొసటిపై చేయి వేసి జ్వరమని గ్రహించిన తల్లియు, ఎంత జ్వరమో తెలియుటకు థర్మామీటరునే పెట్టుచున్నది గదా!

మన యూళ్ల ట్రక్కులలో ధాన్యముతోపాటు కూలీలును, తిరునాళ్లకు పోవు పిల్లలును ఎక్కుచున్నారు. ఆ యలవాటు కూడదు. అది మానినను, బస్తాల బండి బోల్తాపడినచో ప్రక్కన నడచిపోవువారికి దిక్కెవరు?

విద్యార్థులారా! ఒత్తిడిని గూర్చి మీరు చదివిన పాఠము పరీక్షతో ముగియరాదు. ఈ సెలవులలో మీ యింటి ట్రక్కు టైరుపై నున్న అంకెలను చదివి మీ నాయనగారికి వినిపింపుడు. అదియే మీరు నేర్చిన చదువునకు మొదటి ఫలము.