పాత ల్యాప్‌టాప్‌లో రెండు ఓఎస్‌లు: విండోస్‌ని అప్పుడే పీకేయకండి

హార్టికల్చర్ యూనివర్సిటీ, ఫారెస్ట్ కాలేజీ రెండూ ఉన్న మా ములుగులో సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారే ల్యాప్‌టాప్‌లకు కొదవ లేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది. ఇంటెల్ 8వ జనరేషన్‌కి ముందువైతే దాదాపు వేటికీ విండోస్ 11 అధికారికంగా రాదు. అలాగని కొత్తది కొనాలా? అక్కర్లేదు, నా ఓటు డ్యూయల్ బూట్‌కే. 4జీబీ ర్యామ్‌లో వర్చువల్ మెషిన్ అంటే నరకమే!

256జీబీ ఎస్‌ఎస్‌డీలో లినక్స్‌కి 60జీబీ ఇస్తే చాలు. బ్రౌజింగ్, బ్యాంకింగ్ అన్నీ అందులోనే. విండోస్ మాత్రం తప్పనిసరి సాఫ్ట్‌వేర్ ఒకటో రెండో ఉంటే వాటికోసం, అదీ నెట్ ఆపేసి.

ముందు ప్రాజెక్ట్ ఫైళ్లు బయట కాపీ చేసుకోండి. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకోండి, ఫాస్ట్ స్టార్టప్ ఆపండి. సి డ్రైవ్‌ని విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే ష్రింక్ చేయండి. ఇన్‌స్టాలర్‌లో 'ఎరేజ్ డిస్క్' జోలికి మాత్రం వెళ్లకండి, విండోస్‌తో పాటు ఫైళ్లూ పోతాయి.